ఏడు మీటర్ల దూరం

ఇరవై ఆరేళ్లు ఫ్లోరో ఊళ్లో ఆ హాలు నేల తుడిచాను.
హ్యాండ్‌బాల్ పిల్లలు బంతి జారకుండా
వేళ్లకు పూసుకునే పైన్‌చెట్టు జిగురు
తలుపు పిడుల మీద, నీళ్ల సీసాల మీద,
గ్యాలరీ మెట్ల మీద,
ఒకసారి పాస్టరుగారి కోటు మీద కూడా.
వంటనూనెతో, కిరోసిన్ గుడ్డతో, ఆఖరికి గోటితో
గీకినవాణ్ణి కనక చెబుతున్నాను:
తోరున్ చేతి ముద్ర ఆ హాల్లో ఎక్కడా దొరకదు.
గోల్‌కీపరుకి జిగురుతో పనిలేదు.
పట్టుకోవడం కాదు, అడ్డం పడటం ఆమె పని.

అందులోనూ రెండో గోల్‌కీపరు.
పదహారో నంబరు.
మోకాళ్ల దగ్గర పలచబడ్డ బూడిదరంగు ప్యాంటు.
ఆటలో అరటిపండు అని నవ్వుకునేవాళ్లం.
ఆమె బెంచీ చివర కూర్చుని
నిజంగానే అరటిపండు తింటుండేది.

ఈల మోగేది.
ఎవరో ఎవరినో పడేశారు. ఏడు మీటర్ల త్రో.
కోచ్ ఇటు తిరక్కుండానే వేలు ఊపేవాడు.
తోరున్ తొక్క నా బకెట్లో వేసి లేచేది.
సిల్యె బయటికి, తోరున్ లోపలికి,
షిఫ్టు మారే కార్మికుల్లా అరచేయి అరచేయి తట్టుకుని.
ఆ మూడు మీటర్ల గుమ్మంలో
కొలతలు తీసే వడ్రంగిలా చేతులు చాపేది,
అర అడుగు ముందుకి వేసేది.
మూడు సెకన్లు.
బంతి తొడకి తగిలేది, డొక్కలో తగిలేది,
ఓ శీతాకాలం కంటికి తగిలి
వారం పాటు నేరేడుపండులా వాచింది.
"తగిలితే నొప్పి ఉండదు,
తగలనివే రాత్రి నిద్రపోనివ్వవు" అంది
ఐసుగడ్డల సంచి నా చేతిలోంచి తీసుకుంటూ.
మళ్లీ బెంచీ.

సామాను గది తలుపు వెనక పెన్సిలు గీతలు నావే.
పందొమ్మిది సీజన్లు.
ఏడొందల ముప్పై ఒక్క త్రోలు,
ఆపినవి రెండొందల అరవై ఎనిమిది.
కోర్టులో ఆమె నిలబడ్డ కాలమంతా ముక్కముక్కా కుడితే
మూడు గంటల పైచిలుకు.
నేను రెండుసార్లు కూడాను. అంతే వచ్చింది.

దేశం చొక్కా ఒక్కసారి తొడిగింది.
ఎక్కడో పరాయి ఊరి హాలు, రుమేనియాతో ఆట,
తాటిచెట్టంత పిల్ల ఎడమవైపు విసిరింది,
తోరున్ పిక్క తగిలి బంతి వెనక్కి పోయింది.
ఇక్కడ మా క్యాంటీన్లో అందరం టీవీ ముందు,
వాఫుల్ పెనంలో మాడి పొగొచ్చేదాకా ఎవరికీ పట్టలేదు.
మర్నాడు పేపర్లో ఫొటో వేశారు.
కింద సిల్యె పేరు.
వాళ్లమ్మ బోర్‌గిల్డ్ ఆ పేరు బాల్‌పెన్నుతో కొట్టేసి,
పైన కూతురి పేరు రాసి,
చేపల కొట్లో త్రాసు పక్కన అంటించింది.
అది ఇంకా ఉంది. కాస్త నీచు వాసనేస్తుంది.

ఆఖరి ఆటకి ఏడు మీటర్ల త్రో ఒక్కటీ పడలేదు.
ప్లాస్టిక్ కవరు విప్పని పూలగుత్తితో
బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు దీవులకెళ్లే ఫెర్రీలో పని.
పసుప్పచ్చ మెరుపు కోటు,
మధ్యాహ్నం మూడింటికే చీకటి.
డెక్కు మీద నిలబడి, చేతులు చాపి
బళ్లని లోపలికి పిలుస్తుంది:
రా, ఇంకా రా, ఇంకొంచెం, ఆగు.
సాల్మన్ లారీలైనా సరే
ఆమె మోకాళ్లకి జానెడు దూరంలో ఆగాల్సిందే.

పోయిన గురువారం నా పాత వోల్వో
గడ్డకట్టిన ఇనుప రేకు మీద జారింది.
బ్రేకు తొక్కుతూనే ఉన్నాను, బండి పోతూనే ఉంది.
ఎవరైనా పక్కకి గెంతుతారు కదా.
ఆమె అర అడుగు ముందుకి వేసింది.

బండి ఆగింది. ఎలాగో నన్నడక్కండి.
గ్లవుజు తీసి, బానెట్ మీద
అరచేత్తో ఒక్కటి తట్టి
వెనకాల బండికేసి చేతులు చాపింది.

ఉప్పూ దుమ్మూ పట్టిన ఆ రేకు మీద
ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి.
ఇరవై ఆరేళ్లు తుడిచిన చేతులు నావి.
వారమైంది, గుడ్డ పెట్టలేదు.
రేపట్నించి వానంటున్నారు.